చిన్న మైకు ఏది కొనాలి? కెమెరాకీ ఫోనుకీ పనికొచ్చేలా (మామ్మ పాటలు రికార్డు చేయడానికి)

కోనసీమ_కుర్రోడు • సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే మన్నించండి.

మాది అంబాజీపేట దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాదులో. మా మామ్మకి ఎనభై రెండేళ్లు. దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు, అప్పగింతల పాటలు ఆవిడకి బోలెడు వచ్చు. దసరాకి వెళ్లినప్పుడు కెమెరాతో కొన్ని తీశాను. బొమ్మ బానే వచ్చింది. పాట మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంది. ఫ్యాను రొద, కొబ్బరాకుల చప్పుడు, పక్కింటి పుంజు... మామ్మ గొంతు తప్ప అన్నీ శుభ్రంగా వినిపిస్తున్నాయి.

సంక్రాంతికి వెళ్లేలోపు చిన్న మైకు ఒకటి కొందామని. బడ్జెట్ ఐదు వేలు, లాగితే ఆరు. కెనాన్ డీఎస్ఎల్ఆర్ ఉంది, ఫోను రెడ్‌మీ నోట్ 10. రెండిటికీ ఒకే మైకు పనికొస్తే మేలు. బస్సులో వెళ్తాను కాబట్టి సంచిలో పట్టేది కావాలి. ఏది తీసుకోమంటారు?

---

లెన్సుబాబు • సోమవారం, రాత్రి 10:58

కళ్లు మూసుకుని రోడ్ కంపెనీ వీడియోమైక్రో మైకు తీసుకో బ్రో. 42 గ్రాములే, అరచేతిలో దాక్కుంటుంది. బ్యాటరీ, స్విచ్చి ఏమీ ఉండవు, కరెంటు కెమెరా నుంచే లాక్కుంటుంది. గాలికి బొచ్చు తొడుగు కూడా పెట్టెలోనే వస్తుంది. నేను నాలుగేళ్ల నుంచి వాడుతున్నా. నాలుగైదు వేలల్లో వచ్చేస్తుంది. ఫోనుకి కావాలంటే ఎస్‌సీ7 అని వేరే వైరు కొనుక్కోవాలి, అంతే.

---

ఫ్రిస్కో_పద్మ • సోమవారం, రాత్రి 11:30

ఇంకా వైర్లేంటండీ బాబూ. నేను వంటల వీడియోలకి డీజేఐ మైక్ మినీ వాడతాను. ఒంటి మీద పెట్టుకునే ముక్క 10 గ్రాములు. స్టవ్ దగ్గర్నుంచి సింకు దాకా తిరుగుతూ మాట్లాడినా ఒకేలా వస్తుంది. బడ్జెట్ కొంచెం పెంచుకుంటే ఇక దేనికీ వెతుక్కోనక్కర్లేదు. మీ మామ్మగారి పాటలు తప్పకుండా ఇక్కడ పెట్టండి, మా అమ్మకి వినిపించాలి.

---

పెళ్లివీడియో_బాబాయ్ • మంగళవారం, ఉదయం 7:15

తమ్మీ, మాది కరీంనగర్. ఇరవై రెండేళ్ల సంది పెళ్లిళ్లు తీస్తున్న. మైకు పేరు తర్వాత అడుగు. ముందుగాల ఇది చెప్పు, మీ నాయనమ్మ నోటికీ మైకుకూ నడుమ ఎంత దూరం ఉంటది?

కెమెరా మీద పెట్టే మైకు యాభై వేలదైనా సరే, కెమెరా ఆరడుగుల దూరంల ఉంటే మైకు గూడ ఆరడుగుల దూరంలనే ఉన్నట్టు. ఎనిమిది వందల కాలర్ మైకు జానెడు దూరంల ఉంటే దాని ముందట అది దండగ. నేను పంతులుగారికి కాలర్ మైకు పెట్టకుండ తీసిన పెళ్లి ఒకటుంది. ఇప్పటికీ పెండ్లికొడుకు నాన కనపడితే పక్క సందుల నుంచి పోత.

---

సౌండుపిచ్చోడు • మంగళవారం, ఉదయం 9:20

బాబాయ్ మాటకి లెక్క జోడిస్తాను. దూరం రెండింతలైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. పదింతలైతే 20. కాలర్ మైకు నోటికి 20 సెంటీమీటర్లు, కెమెరా మైకు 2 మీటర్లు అనుకోండి. అంటే సరిగ్గా 20 డెసిబెల్స్ తేడా. ఫ్యాను రొద మాత్రం గదంతా దాదాపు ఒకేలా ఉంటుంది, దూరం జరిగినంత మాత్రాన తగ్గదు. అందుకే మనం సౌండు పెంచితే రొద కూడా దానితో పాటే పెరుగుతుంది. దసరా వీడియోలో జరిగింది ఇదే. మైకు చెడ్డదవడం వల్ల కాదు, దూరంగా ఉండటం వల్ల.

---

లెన్సుబాబు • మంగళవారం, ఉదయం 9:41

> పేరు తర్వాత అడుగు

బాబాయ్, అంత తీసిపారేయకండి. గన్ మైకు అంటే ముందున్న శబ్దాన్ని దూరం నుంచి లాగడానికే కదా చేసేది?

---

సౌండుపిచ్చోడు • మంగళవారం, ఉదయం 10:05

లాగదు. ఇది చాలామందికున్న అపోహ. గన్ మైకు దుర్భిణి కాదు. పక్కల నుంచీ వెనక నుంచీ వచ్చేవాటిని తగ్గిస్తుంది, అంతవరకే. ఎదురుగా ఉన్నదాన్ని దగ్గరికి తీసుకురాదు. పైగా వీడియోమైక్రో అచ్చమైన గన్ మైకు కూడా కాదు, అది కార్డియాయిడ్. ముందు సగమంతా వింటుంది, వీపు వైపు చెవిటిది. నిజం గన్ మైకుకి పొడవాటి గొట్టం ఉండాలి. 8 సెంటీమీటర్ల మైకుకి అంత గొట్టం ఎక్కడిది?

ఇంకో సంగతి. ఇంట్లో నాపరాళ్ల నేల, సున్నం గోడలుంటే మామ్మగారి గొంతే గోడలకి కొట్టుకుని మళ్లీ మైకులో పడుతుంది. "నూతిలోంచి వచ్చినట్టు" అన్నారే, అది ఈ ప్రతిధ్వనే. కెమెరా మీది మైకు ఏదైనా దాన్ని పూర్తిగా ఆపలేదు.

మీ వీడియోమైక్రోని చెడ్డదనడం లేదు లెన్సుబాబు గారూ. చేతికర్రకి కెమెరా పెట్టుకుని నడుస్తూ మాట్లాడేవాళ్లకి అది చక్కటి మైకు. అక్కడ దూరం చేయి పొడవే కదా.

---

కత్తెర_కళ • మంగళవారం, మధ్యాహ్నం 1:12

ఎడిటింగ్ చేసుకునేదాన్ని, వచ్చి పడే చెత్త ఆడియో అంతా నా నెత్తినే పడుతుంది కాబట్టి అడుగుతున్నా. ఇంతసేపూ మైకుల గురించి కొట్టుకుంటున్నారు. ఆయన కెమెరా మోడల్ ఎవరైనా అడిగారా? కెనాన్ డీఎస్ఎల్ఆర్ అంటే బోలెడున్నాయి.

---

కోనసీమ_కుర్రోడు • మంగళవారం, మధ్యాహ్నం 1:30

1500డి అండి. పోయినేడు సెకండ్ హ్యాండులో తీసుకున్నాను.

---

కత్తెర_కళ • మంగళవారం, మధ్యాహ్నం 1:33

అనుకున్నా. దానికి మైకు పెట్టుకునే జాకే లేదు. 😐

---

లెన్సుబాబు • మంగళవారం, మధ్యాహ్నం 1:50

అయ్యో. సారీ బ్రో. నాది 200డి, దానికుంది. అన్నిటికీ ఉంటుందనుకున్నా.

---

కోనసీమ_కుర్రోడు • మంగళవారం, సాయంత్రం 7:04

ఆఫీసు నుంచి రాగానే టార్చి వేసి చూశాను. ఎడమ పక్క రబ్బరు మూత కింద గుండ్రటి బెజ్జం ఒకటుంది! అది మైకుది కాదా?

---

సౌండుపిచ్చోడు • మంగళవారం, సాయంత్రం 7:20

కాదు. అది రిమోట్ స్విచ్చిది, 2.5 మిల్లీమీటర్లు. మైకు పిన్ను 3.5. దూరదు, బలవంతంగా తోయకండి. మిగతా రెండూ యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ. వాటి గుండా కూడా మైకు ఎక్కదు.

ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం: నికాన్ డీ3500, సోనీ ఏ6000 వాళ్లది కూడా ఇదే పరిస్థితి. డీ5600, ఏ6400, కెనాన్ ఎం50లకి జాక్ ఉంది. మైకు కొనేముందు కెమెరా పక్క మూతలు ఒకసారి తీసి చూసుకోండి. బెజ్జం పక్కన ఉండే గుర్తు మైకుదై ఉండాలి, హెడ్‌ఫోన్‌ది కాదు.

---

కోనసీమ_కుర్రోడు • మంగళవారం, సాయంత్రం 7:26

అమ్మిన కుర్రాడు "అన్నీ ఉన్నాయన్నా" అన్నాడు. నేనూ ఏమున్నాయని అడగలేదులెండి. ఇప్పుడు కెమెరా మార్చాలా?

---

కత్తెర_కళ • మంగళవారం, రాత్రి 8:10

ఎందుకు మార్చడం? జేబులో ఫోనుంది కదా. అదే మీ రికార్డరు. సినిమావాళ్లు చేసేదీ ఇదే, బొమ్మ ఒకదాంట్లో, మాట ఇంకోదాంట్లో. పద్ధతి చెప్తా:

కాలర్ మైకు ఫోనుకి గుచ్చి, ఆ ఫోను మామ్మగారి పక్కన పీట మీద పెట్టండి. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోనిచ్చే రికార్డింగ్ యాప్ వేసుకోండి, వీడియోలకి వాడేది ఆ లెక్కే. ముందు ఫోనులో రికార్డింగ్ మొదలు, తర్వాత కెమెరాలో. రెండూ తిరుగుతున్నాయని చూసుకుని కెమెరాకి కనపడేలా ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి. ఎడిటింగులో ఆ చప్పట్టు దగ్గర రెండు ఆడియోలకీ నిలువుగా కొమ్ము లేస్తుంది. రెండు కొమ్ములూ కలిపితే అయిపోయింది. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షనులో అయితే శబ్దం చూసి అదే కలిపేస్తుంది. కెమెరాలో సౌండు ఆపేయకండి, అది లేకపోతే దేనితో పోల్చుకుంటారు?

పాట పాటకీ విడిగా చప్పట్టు కొట్టండి. గంటసేపు ఒకటే తీస్తే రెండు యంత్రాల గడియారాలూ కొంచెం కొంచెం జరిగి చివరికి పెదవులు ఒకటి, మాట ఒకటి అవుతాయి. ఎలాగూ 1500డి అరగంట కాకముందే దానంతటదే ఆగిపోతుంది, 29 నిమిషాల 59 సెకన్లకి.

---

సౌండుపిచ్చోడు • మంగళవారం, రాత్రి 9:02

ఫోను అన్నాక పిన్ను సంగతి చెప్పకపోతే రేపు ఇంకో చర్చ మొదలెట్టాల్సొస్తుంది.

పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే టీఆర్ఎస్, కెమెరాలది. మూడు గీతలుంటే టీఆర్ఆర్ఎస్, ఫోన్లది. ఫోను జాకులో మైకుకి చోటు అన్నిటికన్నా వెనక ఉంటుంది. రెండు గీతల పిన్ను గుచ్చితే ఆ చోటు కాస్తా ఎర్త్‌కి తగులుతుంది. ఫోను దాన్ని ఉత్త హెడ్‌ఫోన్ అనుకుని తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటుంది. మీరేమో కొత్త మైకు పనిచేస్తోందనుకుని గంటసేపు తీసేస్తారు. అందుకే గీతలు మార్చే చిన్న అడాప్టర్లుంటాయి. కోఠి గుజరాతీ గల్లీలో "రెండు గీతలది మూడు గీతలకి" అని చెప్పి మీ మైకు, ఫోను చేత్తో పట్టుకెళ్లి గుచ్చి చూసుకుని కొనండి. హెడ్‌ఫోన్ స్ప్లిట్టర్ అంటగడితే తీసుకోకండి, చూడ్డానికి అలాగే ఉంటుంది.

మైకు నిజంగా ఎక్కిందో లేదో తెలియాలంటే రికార్డింగ్ పెట్టి మైకు తలని గోటితో గీకండి. తర్వాత ఫోను అడుగున గీకండి. ఏది గట్టిగా వినపడితే అదే రికార్డవుతోంది. వీడియో కూడా ఫోనులోనే తీసేవాళ్లకి ఈ పరీక్ష మరీ ముఖ్యం, చాలా ఫోన్లలో కెమెరా యాప్ బయటి మైకుని పట్టించుకోదు. ఓపెన్ కెమెరా లాంటి యాప్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి బయటి మైకు అని ఎంచుకోవాలి.

మీ నోట్ 10కి 3.5 జాక్ ఉంది, అదృష్టవంతులు. జాక్ లేని టైప్-సీ ఫోన్లవాళ్లు లోపల చిప్పు ఉన్న అడాప్టర్ కొనుక్కోవాలి. చవకవి కొన్ని ఉత్త తీగ ముక్కలే, అన్ని ఫోన్లలో పనిచేయవు. ఒప్పో, వివో, రియల్‌మీలో ఓటీజీ (ఫోనుకి బయటి పరికరం తగిలించే సదుపాయం) కూడా సెట్టింగ్స్‌లో ఆన్ చేయాల్సి రావచ్చు.

---

వలసపక్షి_77 • మంగళవారం, రాత్రి 9:15

ఇంత గొడవెందుకు, బ్లూటూత్ ఇయర్‌బడ్ ఒకటి మామ్మ చెవిలో పెడితే పోలా?

---

సౌండుపిచ్చోడు • మంగళవారం, రాత్రి 9:18

బ్లూటూత్‌లో మైకు వాడగానే మామూలుగా అది ఫోన్ కాల్ మోడులోకి దిగిపోతుంది. పాట కాస్తా ట్రంక్ కాల్ అవుతుంది. వద్దు.

---

కోనసీమ_కుర్రోడు • బుధవారం, ఉదయం 6:50

రాత్రంతా చదివాను. అయితే బోయా బీవై-ఎం1 కాలర్ మైకు తీసుకుందామనుకుంటున్నా. వెయ్యిలోపే చూపిస్తోంది. సరేనా? ఇంకొకటి. కొన్ని పాటలు మామ్మ, పక్కింటి సుబ్బాయమ్మ పిన్ని కలిసి పాడతారు, రోట్లో రోకళ్లు వేస్తూ. ఆ రోకటి దరువు లేకపోతే పాట చప్పగా ఉంటుంది. అది కూడా రావాలి.

---

పెళ్లివీడియో_బాబాయ్ • బుధవారం, ఉదయం 8:30

మంచిగుంటది, తీసుకో. నా దగ్గర మూడున్నయి. 6 మీటర్ల వైరు ఉంటది, కెమెరాల కనపడకుంట ఎన్క నుంచి తీస్కపోవచ్చు. దాని మీద చిన్న డబ్బా, స్విచ్చి ఉంటది. ఫోనుకైతే స్మార్ట్‌ఫోన్ దిక్కు పెట్టు, బ్యాటరీ ఖర్చు గాదు. కెమెరాకైతే ఇంకో దిక్కు, అప్పుడు ఎల్ఆర్44 గుండీ బ్యాటరీ తింటది. పని అయినంక వెనక్కి జరపకపోతే తెల్లారేసరికి ఖతం. నేను బ్యాగుల రెండు స్పేర్ పెట్టుకుంట.

డూప్లికేట్లు మస్తున్నయి. ఒకసారి మార్కెట్ల సగం ధరకే దొరికిందని తెచ్చిన, డబ్బా అచ్చం అదే, లోపల మైకు మాత్రం కందిరీగ లెక్క జుయ్ మనుకుంట ఉన్నది. బిల్లు లేంది కొనకు.

ఇగ పెట్టుడు ఎట్లనంటే, ముసలోళ్లకు చీర కొంగు నిలువది, మైకు మీద పడి బరబర అంటది. జాకెట్ అంచుకు పెట్టు, కొంగు ఆ భుజం మీద లేకుంట చూడు. మెడల గొలుసులు, పూసల దండలు ఉంటే ఒక పక్కకు జరిపి మెడికల్ షాపుల దొరికే కాగితం ప్లాస్టర్ అంటియ్యి. క్లిప్పు కింద వైరును ఒక చుట్ట చుట్టి పెడితే వైరు గుంజినా చప్పుడు మైకుకు ఎక్కదు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టు, ఇది మాత్రం మర్వకు. మంగళసూత్రం కడుతున్నప్పుడు లోన్ కావాల్నా సార్ అని కాల్ వచ్చింది నాకు.

---

సౌండుపిచ్చోడు • బుధవారం, ఉదయం 9:40

రోకటి పాటకి మాత్రం ఎవరి జాకెట్‌కీ పెట్టకండి. వంగి లేస్తుంటే బట్ట రాపిడి తప్ప ఏమీ రాదు. పైగా ఒకరి గొంతే పైకి వస్తుంది.

ఈ మైకు అన్ని వైపులా ఒకేలా వింటుంది. కెమెరా మీద అది లోపం. ఇక్కడ మాత్రం అదే వరం. ఇద్దరికీ మధ్యన, తలల కంటే జానెడు పైన వేలాడదీయండి. పందిరి ఉంటే గుంజకి వెదురు కర్ర అడ్డంగా కట్టి, బట్టలకి పెట్టే క్లిప్పుతో వైరు పట్టించండి. గొంతులు దగ్గర, రోలు కాస్త దూరం. దరువు వెనకాల వస్తుంది, గొంతులు ముందు ఉంటాయి. దరువు తక్కువైందనిపిస్తే మైకు కాస్త పైకో కిందికో జరిపి చూడండి, బటన్లతో కుస్తీ పట్టొద్దు. యాప్‌లో ఆటోమేటిక్ లెవెల్ ఆపేయండి. లేకపోతే రోకలి పడ్డప్పుడల్లా గొంతు మునిగి, మళ్లీ తేలుతుంది. రోకలి పడ్డప్పుడు కూడా యాప్‌లో సౌండు మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చాలు.

గాలికి స్పాంజి తొడుగు చాలదు. అది ఊపిరిని ఆపుతుందే గానీ కొబ్బరితోట గాలిని ఆపదు. కాలర్ మైకుకి బొచ్చు తొడుగు విడిగా దొరుకుతుంది, వందో రెండొందలో. షాపువాళ్లు డెడ్‌క్యాట్ అంటారు.

---

ఫ్రిస్కో_పద్మ • బుధవారం, ఉదయం 9:55

చచ్చిన పిల్లిని మామ్మగారి మెడకి కడతారన్నమాట. ఆవిడకి పేరు మాత్రం చెప్పకండి.

నా వైర్‌లెస్ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కూర్చుని పాడేవాళ్లకి వైరే మేలు, చార్జింగ్ గొడవ లేదు. నాకైతే వంటింట్లో కాళ్లకి చుట్టుకుంటుంది.

---

కోనసీమ_కుర్రోడు • జనవరి 19, రాత్రి 11:20

నిన్ననే ఊరి నుంచి వచ్చాను. ఉన్నదున్నట్టు చెప్తాను.

మైకు, బొచ్చు తొడుగు, ప్లాస్టర్ అన్నీ కలిపి పదమూడు వందలు దాటలేదు. మొదటి రోజు మొత్తం వృథా. మైకు పెట్టగానే మామ్మ గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు పాడటం మొదలెట్టింది. పైగా పాట మధ్యలో మైకుని వేళ్లతో పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకునేది. మైకు మాట మర్చిపోవాలంటే ఏదో పని చేతిలో ఉండాలని మా అమ్మ చాటలో మినుములు పోసి ఇచ్చింది. అంతే, రెండో రోజు పదకొండు పాటలు వచ్చాయి. చాట చప్పుడు కూడా ఉంది, తీయబుద్ధి కాలేదు.

గోటి పరీక్ష నన్ను కాపాడింది. పిన్ను పూర్తిగా దిగలేదు, ఫోను కవరు అడ్డుపడింది. ఆ పరీక్ష చేయకపోతే మళ్లీ దసరా వీడియోనే. ఇంకో తప్పు, ఏరోప్లేన్ మోడ్ పెట్టాను గానీ అలారం తీయలేదు.

రోకటి పాట బాబాయ్, సౌండు గారు చెప్పినట్టే పందిరి కింద తీశాం. మైకు రెండుసార్లు జరపాల్సొచ్చింది. మూడోసారికి కుదిరింది. సరిగ్గా చివరి చరణంలో వీధిలోకి గంగిరెద్దులవాడు వచ్చాడు. సన్నాయి సన్నగా వెనక వినిపిస్తోంది. కళ గారూ, దాన్ని కత్తిరించొద్దని మనవి, ఫైళ్లు మీకే పంపుతున్నా.

ఇయర్‌ఫోన్ పెట్టి మామ్మకి వినిపించాను. రెండు చరణాలు విని, "ఇది సుబ్బాయమ్మ గొంతు, నాది కాదు" అని తీసేసింది.

ఇప్పుడు ఎదురింటి వాళ్లు కూడా పాడతామంటున్నారు. ఒకే ఫోనుకి రెండు కాలర్ మైకులు పెట్టొచ్చా?

---

సౌండుపిచ్చోడు • జనవరి 20, ఉదయం 8:05

బోయాలోనే రెండు తలల కాలర్ మైకుంది, బీవై-ఎం1డీఎం. ఒకే పిన్ను. కానీ రెండు గొంతులూ ఒకే ట్రాకులో కలిసిపోతాయి, తర్వాత విడదీయలేరు. ఒకరు పాడుతుంటే ఇంకొకరు దగ్గితే దగ్గు కూడా పాటలో భాగమే. ఇంట్లో పాత ఫోను ఇంకోటి ఉంటే రెండోవాళ్లకి విడిగా ఇంకో ఎం1 పెట్టండి, చప్పట్టు రెండు ఫోన్లకీ ఒకటే చాలు.

---

పెళ్లివీడియో_బాబాయ్ • జనవరి 20, ఉదయం 8:40

ఆ దగ్గు గూడ ఉంచు తమ్మీ. రోకటి పాట ఫైలు నాకు గూడ పంపు.